కాగడా చుట్టూ రంగులు

రఫ్ఫు బల్ల దగ్గర్నుంచి,
సోమవారం, షాపు తెరవకముందు

ఆడపడుచుగారి పాదపద్మాలకు,

ఇలా మొదలుపెట్టకపోతే మూతి ముడుస్తావని పెట్టాను. ఇక అసలు సంగతి. నిన్న మొదటిసారి నీ కుర్చీలో కూర్చున్నాను. నీ సుత్తి బతికే ఉన్నాడు. ఒంటి మీద రెండు గాట్లు పడ్డాయి, అంతే.

"ఆరు నెలలే వదినా, నాటకాలవాళ్ళతో ఊళ్ళు తిరిగొచ్చేదాకా నా పాత్రని నువ్వు ఆడిపెట్టు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పని" అని నువ్వు గడ్డం పట్టుకుని బతిమాలితే కరిగిపోయాను. పేకాటలాంటిదేమో అనుకున్నా. తీరా చూస్తే ముక్కల్లేవు. నలుగురం బల్ల చుట్టూ కూర్చుని అబద్ధాలు చెప్పుకోవడమే! జాగ్రఫీ చెప్పి రిటైరైన మీ మాస్టారు కథ నడుపుతాడు. "మీరొక పాడుబడ్డ గని ముందు నిలబడ్డారు" అంటాడు. ఏం చేస్తామో మనం చెప్పాలి. అది కుదిరిందో లేదో పాచిక చెబుతుంది. పైపుల బాబాయి దొంగట. పొద్దున మా ఇంటి సింకు బాగుచేసి వెళ్ళిన మనిషి, మధ్యాహ్నానికి నా పక్కన కూర్చుని తాళాలు పగలగొడుతున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి మంత్రగత్తె. నేనేమో నీ కొండజాతి వీరుణ్ణి. నాలుగడుగుల ఎత్తు, నడుము దాకా గడ్డం, చేతిలో సుత్తి, పేరూ సుత్తే. "ఇప్పుడు సుత్తి ఏం చేస్తాడు?" అని మాస్టారు అడగడం, "కొడతాడు, ఇంకేం చేస్తాడు" అని బాబాయి అనడం, అందరూ పడీపడీ నవ్వడం.

గనిలోకి దిగగానే మాస్టారు లేచి కర్టెన్లన్నీ మూసేశాడు. బల్ల మధ్యన చిన్న దీపం పెట్టాడు. అలా ఉంటేనే మజా అట. "నీకేం కనిపిస్తోంది?" అని నన్నడిగాడు. "ఏమీ కనిపించట్లేదు మాస్టారూ, ఎవరైనా లైటు వెయ్యండి" అన్నాను. ఒకటే నవ్వులు. సుత్తికి చీకట్లో కనిపిస్తుందట! నాకెవరు చెప్పి చచ్చారు? పట్టుబట్టి కాగడా వెలిగించాను. ఆ వెలుగు చూసి గనిలోంచి ఏవో దూకాయి. గాట్లు అప్పుడు పడ్డవే.

ఇంటికొచ్చేసరికి కుడి కనుబొమ మీద మేకు దిగ్గొట్టినట్టు తలనొప్పి. మూడు గంటలు అన్నేసి అబద్ధాలు వింటే రాదూ మరి? టీ తాగి పడుకుంటే పోయింది.

ఈ ఉత్తరాలెందుకు, ఫోన్ చెయ్యొచ్చుగా అంటాడు మీ అన్నయ్య. నువ్వు రిహార్సల్‌లో ఫోన్ ఎత్తవు. ఎత్తినా సగం ఆయనే చెప్పేస్తాడు. ఇలాగే బాగుంది.

నీ గడ్డం మోస్తున్న,
వదిన


స్టేజీ పక్క లైటు గది,
గురువారం

వదినా!

కాగడా వెలిగించావా? సుత్తి చేత? అయ్యో, అయ్యో! ఆరేళ్ళు కంటికి రెప్పలా పెంచానే వాణ్ణి!

కాస్త నింపాదిగా విను. ఆ ఆటలో వెలుగు మూడు రకాలు. నిండు వెలుగు, మసక, చీకటి. కాగడా వెలిగిస్తే చుట్టూ ఇరవై అడుగులు నిండు వెలుగు, ఆ తర్వాత ఇరవై అడుగులు మసక, ఆపైన కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించదు. ఇది బాబాయికీ ఆ అమ్మాయికీ, వాళ్ళు మనుషులు కాబట్టి. కొండజాతివాళ్ళు గుహల్లో పుట్టి పెరిగారు. సుత్తికి అరవై అడుగుల దాకా చీకటి మసకలా కనిపిస్తుంది, రంగులు తెలియవు, అంతే తేడా. అందుకని వాడు వాళ్ళ కాగడాకి దూరంగా ముందు నడవాలి. వెలుగు పట్టుకున్నవాడు గనిలో ఉన్న ప్రతి దానికీ కనిపిస్తాడు. వాడికి మాత్రం నలభై అడుగుల అవతల ఏం కాచుకుని ఉందో తెలీదు.

చాలామంది ఈ లెక్కలు విసుగని తీసేస్తారు. తీసేస్తే గనికీ హోటలు హాలుకీ తేడా ఏముంది చెప్పు? అందరికీ అన్నీ కనిపిస్తే ఇక భయమెక్కడ, ఒకరి అవసరం ఒకరికెక్కడ? నా ఉద్యోగమూ ఇదేగా. ఎవరికి ఏది కనపడాలో, ఏది కనపడకూడదో చూసుకోవడం.

మాస్టారు ఇంట్లో బల్ల సొరుగులో నా ఆకుపచ్చ నోట్‌బుక్ ఉంటుంది. తారీఖు వెయ్యి. గదిలో కర్టెన్లు మూశారా తీశారా రాయి (మాస్టారు దాన్నిబట్టి కూడా కథ మారుస్తాడు, ఆయన తిక్క ఆయనది). ప్రతి వంతులోనూ నీకేం కనిపించిందో ఒక్క ముక్క రాయి. బద్ధకించావో, నేనొచ్చాక నీ సంగతి చెబుతా.

తలనొప్పికి టీ ఒక్కటే చాలదు. కళ్ళద్దాలు మార్పించి ఎన్నాళ్ళైంది?

సుత్తి కన్నతల్లి


రఫ్ఫు బల్ల దగ్గర్నుంచి,
మంగళవారం

సుత్తి కన్నతల్లికి పెంపుడు తల్లి రాయునది,

రెండున్నర నెలలుగా నీకు ముక్తసరి కార్డులే పడేశాను. ఈసారి తీరిగ్గా కూర్చున్నా, ఎందుకంటే నీ వదిన పేరు మోగిపోతోంది!

నువ్వు చెప్పినట్టే ముందు నడుస్తున్నాను. ఏడు వారాల కిందట పెద్ద గుహలోకి వచ్చాం. వెనక బాబాయి కాగడా పట్టుకున్నాడు. మామూలుగానే కర్టెన్లు మూసి ఉన్నాయి, బల్ల మీద దీపం ఉంది. "సుత్తీ, వెనక్కి తిరిగావు. ఏం కనిపిస్తోంది?" అన్నాడు మాస్టారు. నేను దీపం వైపు చూసి ఉన్నదున్నట్టు చెప్పాను. "కాగడా చుట్టూ గుండ్రంగా రంగులు. లోపల నీలం, బయట ఎరుపు" అని.

మాస్టారు నోరు తెరిచాడు. "అబ్బ!" అన్నాడు. ఆ అమ్మాయి చెయ్యి చూపించి "చూడండి, నాకు రోమాలు లేచాయి" అంది. ఆ వారమంతా మాస్టారు కూర్చుని ఆరు పేజీలు రాసుకొచ్చాడట. ఆ వలయం కొండజాతి పూర్వీకుల మంత్రం, సుత్తికి తప్ప ఎవరికీ కనపడదు, అది కనిపించిన దిక్కునే నిధి ద్వారం ఉంటుందని తేల్చాడు. అప్పట్నుంచి బాబాయి కాగడా అటూ ఇటూ తిప్పడం, నేను "ఇటు కనిపిస్తోంది, పదండి" అనడం, అందరూ నా వెంట పరుగెత్తడం. నా జన్మలో ఇంతమంది నా మాట వినలేదు.

మధ్యలో ఒక ఆదివారం వాళ్ళింటికి చుట్టాలొస్తే కర్టెన్లు తీసేసి ఆడాం. ఆ రోజు వలయం రాలేదు. "పగటి వెలుగులో మంత్రం పనిచెయ్యదు" అని మాస్టారు దానికీ ఓ కారణం అల్లాడు. ఆయన బుర్రే బుర్ర.

షాపులో మాత్రం పరువు పోతోంది. నల్ల కోటు ఒకటి, మోచేతి దగ్గర చిరుగు. రెండుసార్లు రఫ్ఫు విప్పి మళ్ళీ చేశాను. యజమాని వచ్చి నా బల్లని లైటు దగ్గరికి జరిపి వెళ్ళాడు. నల్లబట్ట అంతే, ఎవరి చేతైనా మూడు చెరువుల నీళ్ళు తాగిస్తుంది.

ఊరేగుతున్న నీ
వదిన


మరో ఊరు, మళ్ళీ లైటు గదే,
శనివారం

వదినా,

నవ్వుకుంటూ చదువుతున్నాను, ఒకచోట నవ్వు ఆగిపోయింది.

దీపం చుట్టూ రంగుల వలయం ఊరికే రాదు. మేం స్టేజీ మీద కావాలంటే పొగ వదలాలి, లేదా లైటు ముందు అద్దం మీద తేమ పట్టాలి. గుహలో పొగమంచు ఉందని మాస్టారు చెప్పాడా? నువ్వు రాసినదాంట్లో లేదు. ఆట పుస్తకంలో అలాంటి వలయమే లేదు, అట్ట నుంచి అట్ట దాకా నాకు కంఠతా వచ్చు. పైగా లోపల నీలం, బయట ఎరుపు అని వరసతో సహా చెప్పావు. కల్పించేవాళ్ళు అంత సరిగ్గా చెప్పరు.

నిజం చెప్పు. అది సుత్తికి కనిపించిందా, నీకు కనిపించిందా?

మరదలు


షాపు నుంచి,
బుధవారం

ఆటని ఆటలా చూడటం నేర్చుకో. అన్నిట్లోకీ లైట్లు వేసుకుని దూరకు. యాభై మూడేళ్ళు నాకు, నా కళ్ళ సంగతి నాకు తెలుసు. ఇక్కడ అందరూ బాగున్నారు.

వదిన


ఇంట్లో, వంటగది కిటికీ దగ్గర,
గురువారం

మరదలు పిల్లా,

నిన్నటి ఉత్తరం చించి పారెయ్. నా నోటికి తాళం వెయ్యాలి.

నాకే కనిపించింది. ఒక్కసారి కాదు. తలనొప్పి వచ్చే ముందు కుడికన్ను మీద పల్చటి తెర వేసినట్టుంటుంది, దీపం చుట్టూ ఆ రంగులు వస్తాయి, కనుబొమ లాగేస్తుంది. గంటకో రెండు గంటలకో దానంతటదే పోతుంది. పోగానే హమ్మయ్య అనుకుని మర్చిపోతాను. మర్చిపోతానని నీకు రాస్తున్నా గానీ, మర్చిపోవట్లేదు.

మా అమ్మ సంగతి నీకు అంతగా తెలియదు, ఆవిడ మా ఊరు దాటి ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. ఆవిడకి యాభై అయిదో ఏట చూపు పోయింది. ముందు ఒక కన్ను, ఏడాదికి రెండోది. చివరి తొమ్మిదేళ్ళూ గోడ పట్టుకుని నడిచింది. నా మొహం తడిమి "చిక్కిపోయావే" అనేది. నాకూ అదే వచ్చిందని నాకు తెలుసు. డాక్టరు దగ్గరికెళ్తే ఆ మాట బయటికి అంటాడు. అననంతకాలం నేను సూదిలో దారం ఎక్కిస్తూనే ఉంటాను. చూపు పోతే నేనెందుకు పనికొస్తాను చెప్పు? నాకు ఈ రఫ్ఫు తప్ప ఇంకోటి రాదు.

మీ అన్నయ్యకి చెప్పకు. ఆయన ఆగలేడు.

నీ నోట్‌బుక్ కూడా కవర్లో పెట్టి పంపుతున్నా. అది నా కళ్ళ ముందు ఉండకూడదు.

వదిన


లైటు గది,
సోమవారం, నోట్‌బుక్ అందిన గంటకి

వదినా,

నాకు భయమేస్తోంది. ముందు అది చెప్పి తర్వాత మిగతాది. ఆ కుర్చీలో నిన్ను కూర్చోబెట్టింది నేనే.

నేను డాక్టర్ని కాను. కానీ నువ్వు నా మాట విని నోట్‌బుక్ ఎంత బుద్ధిగా నింపావంటే, రెండుసార్లు చదివి లెక్క కట్టాను. కర్టెన్లు మూసి ఆడిన ఆదివారాలు తొమ్మిది. అందులో ఏడింట్లో వలయం ఉంది, పక్కనే "తలపోటు" అని నీ చేత్తో ఉంది. కర్టెన్లు తీసి ఆడినవి మూడు. ఒక్కదాంట్లోనూ లేదు. వదినా, ముసలితనం కర్టెన్లు చూసుకుని రాదు! ఇది చీకట్లో కూర్చుంటే వచ్చి వెలుగులోకొస్తే పోయేదేదో. అంటే ఇంకా పూర్తిగా వచ్చి కూర్చోలేదు. వస్తూ పోతూ ఉంది. వస్తూ పోతూ ఉన్నదాన్ని పట్టుకునేవాళ్ళు ఉంటారు.

నోట్‌బుక్ తిరిగి పంపుతున్నా. దాన్ని చంకన పెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఏమీ చెప్పలేకపోతే అది డాక్టరు ముందు పెట్టు. ఈలోగా నొప్పి తగ్గకుండా ఉండిపోయినా, వాంతి వచ్చినట్టున్నా ఆ క్షణమే వెళ్ళాలి, మా మేనేజరు వాళ్ళ నాన్నకి అలాగే అయిందట. ఈ ఆదివారం ఆట మానెయ్. సుత్తి చచ్చినా ఫరవాలేదు.

శుక్రవారం లోపల వెళ్ళావని నాకు తెలియాలి. తెలియలేదో, అన్నయ్యకి ఫోన్ చేస్తా. ఒట్టు.

మరదలు


కంటి ఆసుపత్రి వరండా,
గురువారం, నంబరు పిలిచేలోపు

పిల్లా,

వచ్చాను. మీ అన్నయ్యకి చెప్పాను కూడా, నీ బెదిరింపుకి జడిసి కాదు, పొద్దున్నే ఆసుపత్రి దారి అడగబోయి నోరు జారాను. ఆయన వెంటనే చెప్పులేసుకుని బయల్దేరాడు. ఇక్కడికొచ్చాక చూస్తే రెండు కాళ్ళకీ రెండు రకాలు. ఇప్పుడు పక్కన కూర్చుని నా సంచీ పట్టుకుని ఉన్నాడు. నా నంబరు ముప్పై ఒకటి. ఇంకా ఇరవై నాలుగే.

సాయంత్రం, ఇంట్లో:

గుండెల మీంచి సగం బండ దిగింది. వరసగా చెబుతాను.

డాక్టరమ్మ నా కంటే చిన్నది. నేను నోరు విప్పలేక నోట్‌బుక్ ఆవిడ ముందు పెట్టాను. తిరగేసింది. "ఈ సుత్తి ఎవరండీ?" అంది. "నేనేనమ్మా" అన్నాను. "అరవై అడుగుల దాకా చీకట్లో కనిపిస్తుందని రాశారు?" "అది గడ్డం ఉన్నప్పుడమ్మా." మీ అన్నయ్య తల బాదుకున్నాడు. ఆవిడ నవ్వి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చి, నవ్వకుండా చదివింది. "ఇంత పద్ధతిగా రాసుకొచ్చిన పేషెంటుని నేను చూడలేదు" అంది.

సంగతేంటంటే, కంట్లో నీరు ఊరుతూ ఒక సన్నటి దారిన బయటికి పోతుంటుందట. నా కళ్ళు చిన్నవి, ఆ దారి పుట్టుకతోనే ఇరుకు. చీకట్లో కంటిపాప పెద్దదైనప్పుడు దాని అంచు వెళ్ళి ఆ దారిని మూసేస్తుంది. నీరు నిలిచిపోయి కన్ను బిగుస్తుంది. ఆ బిగువుకే నొప్పి, కంటి పైపొరలోకి ఊరిన తేమకే రంగులు. వెలుగులోకొస్తే పాప చిన్నదై దారి తెరుచుకుంటుంది. ఏదో ఒక రోజు మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోతే, ఆ పూటే చూపు పోవచ్చట.

మందు? లేజరుతో పాప పక్కన సూదిమొనంత రంధ్రం. నీళ్ళు ఇంకో దారిన పోతాయి. కుడికంటికి ఇవాళే చేసేసింది! పది నిమిషాలు కూడా పట్టలేదు. టిక్కు టిక్కుమని చిన్న చురుకు, అంతే. ఎడమది వచ్చే వారం. బట్టకి చిరుగు పడితే కుట్టేదాన్ని నేను, నా కంటికి చిరుగు పెట్టి బాగుచేస్తారని కలగన్నానా?

కానీ ఇన్నిసార్లు బిగుసుకుంది కదా, లోపల నరం ఏమైనా దెబ్బతిందేమో చూడాలంది. ఆ పరీక్ష నెల తర్వాత. అందుకే సగం బండ అన్నాను.

అమ్మ సంగతి అడిగాను. "చూడనిదే చెప్పలేను గానీ, ఇది కుటుంబాల్లో వస్తుంటుంది. దీపం చుట్టూ రంగులు కనిపిస్తున్నాయని ఆవిడ ఎప్పుడైనా అన్నారా?" అంది.

ఏమో పిల్లా. అమ్మకి ఏం కనిపిస్తోందని మేమెవరం అడగలేదు. కళ్ళు మసకేస్తున్నాయంటే "వయసు కదమ్మా" అనేవాళ్ళం.

వదిన


లైటు గది,
ఆదివారం

వదినా,

ఉత్తరం చదివి లైటు గదిలో ఏడిస్తే, ఎవరో పోయారనుకుని మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "కాదు సార్, మా వదిన కుడికన్నులో రంధ్రం పెట్టారు, సంతోషం" అన్నాను. ఆయన మెల్లగా తలుపు మూసి వెళ్ళిపోయాడు.

నరం సంగతి తెలియగానే రాయి. కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటాను. ఆ డాక్టరమ్మ ఎవరో గానీ ఆవిడ కడుపు చల్లగా ఉండాలి.

మరదలు


రఫ్ఫు బల్ల దగ్గర్నుంచి,
సోమవారం

మరదలు పిల్లకి,

నరం చెక్కుచెదరలేదు! రెండు కళ్ళవీ! ముందు అది చదివేసి ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది.

పరీక్ష ఏంటనుకున్నావు? చీకటి గదిలో గిన్నెలాంటి దాంట్లోకి మొహం పెట్టి కూర్చోవాలి. ఎక్కడో ఒక మూల చుక్క వెలుగుతుంది, కనిపిస్తే మీట నొక్కాలి. కొన్ని నిండుగా ఉన్నాయి, కొన్ని మసక, చాలాసేపు ఏమీ లేదు. చుక్కలు వస్తున్నాయి, నాకే కనపడట్లేదు, అయిపోయాను అనుకున్నా. బయటికొచ్చి "నేను ఫెయిలయ్యాను" అన్నాను ఆ నర్సమ్మతో. "అందరికీ కనిపించనంత చిన్న చుక్కలు కూడా వేస్తామమ్మా, ఎక్కడ ఆగిపోతుందో తెలియాలిగా" అంది. ముందే చెప్పి చావొచ్చుగా! అరగంట ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ కాగితం చూసి "చాలా బాగుంది" అంది. మీ అన్నయ్య గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. జలుబట.

నిన్న ఆటకి వెళ్ళాను. ఒక్క నెలలో మాస్టారు నీరసించిపోయాడు. "రోగాన్ని పట్టుకుని మంత్రం చేశానమ్మా, నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు. "మీరు ప్రతి వంతుకీ అడగబట్టే కదండీ నేను చెప్పింది, అడక్కపోతే ఇప్పటికీ దాచుకునేదాన్ని" అన్నాను. నిజం కూడా అదే. బాబాయి పాచికలు నాకు ముందు అందించాడు. సుత్తి క్షేమం. నిధి ఇంకా దొరకలేదు.

ఇంకొకటి. రక్తసంబంధం ఉన్నవాళ్ళు కూడా చూపించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. మా చెల్లెలు నాకంటే నాలుగేళ్ళు చిన్నది. ఫోన్ చేస్తే "నాకేమే, నిక్షేపంలా ఉన్నాయి నా కళ్ళు, గద్దకి కూడా ఉండవు" అంది. నువ్వు నన్ను బెదిరించినట్టే బెదిరించి, బస్సెక్కించి రప్పించాను. తలనొప్పి లేదు, రంగుల్లేవు, ఏమీ లేవు దానికి. డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, "మీ అక్కయ్యవి ఇరుకైతే మీవి ఇంకా ఇరుకు" అంది. ఆ కుర్చీలోనే, ఆ లేజరుతోనే, ఒకే రోజు రెండు కళ్ళకీ చేసేసింది.

బయటికొచ్చి వరండా బెంచీ మీద కూర్చున్నాం. అది కాసేపు అందరినీ చూసింది. నంబర్లు పిలిచే గుమస్తాని, చంకలో పిల్లనెత్తుకున్న ఒకావిణ్ణి, గేటు బయట ఆగిన ఆటోని. తర్వాత ఉన్నట్టుండి "అమ్మని కూడా ఇలా తీసుకొచ్చి ఉంటే బాగుండునే అక్కా, పది నిమిషాల పని" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. డాక్టరమ్మ కంగారుగా వచ్చి "నొప్పిగా ఉందా?" అని అడిగింది. "లేదమ్మా, బతికిపోయాం" అన్నాను.

వదిన